కార్డుమీమాంసకుడు

ఒక కార్యమును చేయుటకంటె దానిని చేయవచ్చునా, కూడదా యని విచారించుటయందే జన్మసాఫల్యము గాంచు మహనీయుడు ప్రతి వీధికిని ఒక్కడైనను ఉండును. పూర్వకాలమున ఇట్టివారికి ఇల్లు కట్టుటయా, అద్దెకుండుటయా యను ప్రశ్న చాలియుండెను. ఇప్పుడు వారి యదృష్టమువలన క్రెడిట్ కార్డు తీసికొనుట లాభమా, నష్టమా యను ప్రశ్న పుట్టినది. తిరుపతిలో గోవిందరాజస్వామివారి గోపురమునకు కూతవేటు దూరమున, ఒక చిల్లరంగడి ముందరి బల్లమీద, దీపములు పెట్టు వేళ మొదలు అంగడి మూయు వేళ వరకు ఆసీనుడై యుండెడి ఒక పింఛనుదారుని నేనీ తెగకు శిరోమణిగా నెన్నుకొంటిని. వీధివారాయనను ‘కార్డు సామి’ యందురు. ఆయనకు కార్డు లేకపోవుటయే ఆ బిరుదమునందలి విశేషము.

మీమాంసాశాస్త్రమున ఒక్కొక్క యధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని అయిదంగములు చెప్పుదురు. మన సామి మొదటి మూడింటియందును అపారమైన పాండిత్యము గలవాడు. నాలుగవదాని గడప త్రొక్కిన పాపమున పోలేదు. ఆయన విచారణము నిన్న మొన్న మొదలైనది కాదు. మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టినప్పుడు, అప్పుడే గుమాస్తా యుద్యోగమున చేరియుండిన ఆయన ఆ కాగితములను తెప్పించుకొని, ఆమూలాగ్రము చదివి, “చూద్దాంలే, తొందరేముండాది” యనెను. ఆ బ్యాంకు శాఖోపశాఖలుగ విస్తరించి, ఎందరికో ఉద్యోగములిచ్చి, ఎందరికో అప్పులిచ్చి, తుదకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకునందు లీనమై పోయినది. సామి యింకను చూచుచునే యున్నాడు.

ఇంత కాలము చూచినవానికి ఏమియు తెలియదనుకొనుట పొరపాటు. కార్డు కాగితమున సన్నని యక్షరములలో నెలకు మూడున్నర శాతమని యుండగా, చదువుకొన్న కుఱ్ఱవాండ్రు దానిని దశాంశముల చిల్లరగా నెంచి దాటిపోవుదురు. సామి మాత్రము “నూటికి మూడున్నర రూపాయల వడ్డీ నాయనా” యనగానే బల్లమీదివారందరును ఉలిక్కిపడుదురు. ఏలయన, మామిడితోపు మీదనో, పాడియావు మీదనో రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చువానినే చాటున శాపనార్థములు పెట్టుట మా చిత్తూరు సీమలో చిరకాలముగా నున్న యాచారము. పిమ్మట ఆయన దేవస్థానమువారి పాత క్యాలెండరు కాగితము వెనుకవైపున పెన్సిలుతో లెక్క వేసి చూపును: బిల్లు 20,000 రూపాయలు, కట్టవలసిన కనీసపు సొమ్ము 1,000 మాత్రమే యని బ్యాంకువారు దయతో చెప్పుదురు, తక్కిన 19,000కు నెలకు వడ్డీ 665, ఆ వడ్డీమీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 119 రూపాయల 70 పైసలు. కట్టిన వేయి రూపాయలలో అసలును తాకినది రెండు వందల పదునైదు! కాగితమును మడిచి జేబులో పెట్టుకొనుచు, “కొన్న దినం నుంచీ వడ్డీ పడేదాన్ని ఇందులో చేర్చలేదు, భయపడతారని” యనును.

ఆశ్చర్యమేమనగా, కార్డు తీసికొని బాగుపడినవారందరును ఈయన శిష్యులే. బిల్లు తయారైన మరునాడు సరకు కొన్నచో దాదాపు ఏబది దినములు వడ్డీ లేకుండ గడుపవచ్చుననియు, ఏటీయమున ఆ కార్డుతో నగదు తీసిన క్షణమునుండియే వడ్డీ పరుగెత్తుననియు, గడువు తేదీకి మొత్తము కట్టగలవానికి కార్డు సేవకుడనియు, కట్టలేనివానికి యజమానుడనియు ఆయన బోధింపగా విని, మా వీధి ఉపాధ్యాయురా లొకామె కార్డు తీసికొని, కూడిన పాయింట్లతో మిక్సీ తెచ్చుకొన్నది. ఆ మిక్సీలో రుబ్బిన చట్నీని సామికి గురుదక్షిణగా పంపెను. ఆయన తిని, రుచి బాగున్నదని యొప్పుకొని, ఏటా కట్టవలసిన రుసుము సంగతి యేమని అడిగెను.

నిర్ణయమును వాయిదా వేయుటకు ఆయనకు దేశమునందలి ఉన్నతసంస్థలు సైతము తోడ్పడినవి. కార్డుల వడ్డీ సాలుకు నూటికి ముప్పదిని మించరాదని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పెను. బ్యాంకులు సుప్రీంకోర్టునకు పోయెను. అది మొదలు ఎవరడిగినను, “విషయం కోర్టులో ఉండాది, మనం తీర్మానం చేస్తే ధిక్కారమవుతుంది” యని సామి గంభీరముగ ననెడివాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కమిషను తీర్పును కొట్టివేసిన దినమున, పదునారేండ్ల ఆశ్రయము కూలిన ఆయనను చూచి నాకు నిజముగ జాలి కలిగినది.

ఊరు తిరుపతి గావున, కుబేరుని ప్రసక్తి రాకుండ ఈ చర్చ ముగియదు. నారాయణవనమున ఆకాశరాజు కూతును వరించుటకు వేంకటేశ్వరుడే అప్పు చేసెనే, మనమెంత యని ఒక యువకుడు వాదింపగా, సామి కన్నయినను ఆర్పక, “స్వామివారికి హుండీ ఉండాది, నీకేముండాది నాయనా?” యనెను. అంతటితో విడువక, ఆ సొమ్మును కొలిచి కొలిచి అలసి, కుంచము తలక్రింద పెట్టుకొని పవళించిన గోవిందరాజస్వామివారి గోపురమువైపు వ్రేలు చూపి, “అప్పు తీర్చేవాళ్ల అవస్థ చూడాలంటే గుళ్లోకి పోయి చూసి రా” యనెను.

ఇట్లు ఋణమును రాక్షసునిగ వర్ణించు ఈ మహానుభావుడు కూర్చున్న బల్లకు సరిగా మీదుగా, ఆ యంగడి గోడకు, నూలుత్రాటితో వ్రేలాడు పొడుగాటి పద్దుపుస్తకమొకటి కలదు. అందులో ఒక పుట సామిది. ఆయన యింటినుండి మనుమడు వచ్చి కందిపప్పు, నూనె, బెల్లము పట్టుకొనిపోవును. అంగడివాడు చెవిమీది పెన్సిలు తీసి వ్రాసికొనును. పింఛను వచ్చిన పిమ్మట సామి లెక్క తీర్చును. మనుమని చేతిలో ఒక బెల్లపుముక్క పడును. వడ్డీ లేదు, రుసుము లేదు, పాయింట్లును ఉన్నవి. ఇది మాత్రమేమని నేనడుగగా ఆయన, “ఒక నెల ఆలస్యమైతే ఈయన నా మొగం చూసి ఊరకుంటాడప్పా. బ్యాంకు నా మొగం ఎప్పుడు చూసింది?” యనెను. నలువది యేండ్లకు పైబడిన విచారణమున ఇంతకంటె బలమైన పూర్వపక్షమును నేను వినలేదు.

అయినను ఒకనాడు ఆయన చిక్కెను. మామిడికాయల కాలమున ఒక యేజెంటు కుఱ్ఱవాడు వచ్చి, డిపాజిట్టు పూచీమీద కార్డు ఇత్తుమనియు, అది ‘లైఫ్ టైం ఫ్రీ’ యనియు చెప్పెను. సామి తన బ్రహ్మాస్త్రమును తీసి, “కాణిపాకం వచ్చి వినాయకుని ముందర ప్రమాణం చేస్తావా?” యనెను. అక్కడ అబద్ధపు ప్రమాణము చేయుటకు ఈ ప్రాంతమున గుండెలు తీసిన బంట్లు సైతము జంకుదురు. కుఱ్ఱవాడు జంకలేదు. “ఆదివారం పోదాం సామీ. బండి నాది, పెట్రోలు మీది. కార్డు ఉంటే పెట్రోలు మీద సర్‌చార్జి గూడా మాఫీ.” అంత దూరపు పెట్రోలు ఖర్చును మనస్సులోనే లెక్కించి, సామి అక్కడికక్కడే సంతకము చేసెను.

కార్డు వచ్చినది. దానిని పూజాపీఠముమీద పెట్టి, దానితో వచ్చిన నిబంధనల పుస్తకమును భూతద్దముతో పఠింప నారంభించెను. పఠనము ముగియువరకు వాడరాదని నియమము పెట్టుకొనెను. అయితే ముప్పది దినములలో చలామణిలోనికి తేని కార్డునకు ఓటీపీ ద్వారా మరల సమ్మతి కోరవలెననియు, అది రానిచో ఏడు పనిదినములలో ఖాతాను రుసుము లేకుండ మూసివేయవలెననియు 2022లో రిజర్వు బ్యాంకు శాసించియున్నది. బ్యాంకువారు ఓటీపీ పంపిరి. ఓటీపీని పరులకు తెలుపరాదను సూత్రమును గాయత్రితో సమానముగ పాటించు సామి దానిని బ్యాంకునకును తెలుపలేదు.

ఖాతా మూతపడిన నాటి సాయంకాలము ఆయన బల్లమీదికి వచ్చినప్పుడు ముఖమున పూర్వపు తేజస్సంతయు తిరిగి వచ్చియుండెను. అంగడివాడు కార్డేమాయెనని యడిగెను.

“లైఫ్ టైం ఫ్రీ అన్నారు గదా,” యనెను సామి, “ఎవరి లైఫ్ టైమో నేను అడగలేదు. నెలన్నర గూడా బతకలేదప్పా.”