అండభేదన సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నడిచినవానికే గుడ్డు పగులును.

ప్రతిపదార్థం: నడిచినవానికే = సెల్‌ఫోను చేతబట్టి వీధులు తిరిగినవానికి మాత్రమే; గుడ్డు = పోకెమాన్ గో ఆటలో దారిలో దొరికెడి అండము; పగులును = 2, 5, 10 కిలోమీటర్లలో దానికి విధించిన దూరము పూర్తికాగానే విచ్చుకొని లోపలి జంతువును చూపును. అవధారణము చేత సోఫాలో పడుకొన్నవాడు నిరస్తుడని గ్రహించవలెను.

వ్యాఖ్య: 2016 జులైలో ఈ ఆట వెలువడగానే, పిల్లల్ని ఇంట్లోంచి కదిలించలేక విసిగిన పెద్దలు దీన్ని వ్యాయామశాస్త్రంగా చదివారు. ఆ పాఠం సగమే సరైనదని ఈ వ్యాఖ్యాత మతం. సూత్రం విధించేది నడక. పిల్లలకు కావలసింది ఆయాసం. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ ఉండాలని, అదీ ఓ మోస్తరు నుంచి తీవ్రమైనదై ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక గుడ్డు లెక్క చూడండి. గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగం దాటితే ఆ దూరం గుడ్డు ఖాతాలో పడదు. బైకెక్కి గుడ్లు పొదిగే ఘనుల్ని ఏరివేయడానికి పెట్టిన నియమమిది, న్యాయమే. కాని దొంగా పోలీసు ఆటలో చిక్కకుండా దూసుకుపోయే పిల్లవాడు కూడా ఆ క్షణాన వాహనం కిందే జమ. కబడ్డీ కూతకెళ్లినవాడు గీత దగ్గర అటూ ఇటూ గెంతి చెమటలు కక్కినా ఉపగ్రహం లెక్కలో దాదాపు ఉన్నచోటే ఉంటాడు. వెనకాల తీరిగ్గా కాళ్లీడ్చుకుంటూ వచ్చే నాన్నగారి గుడ్డే ముందు పగులుతుంది! పెద్దల నడకకు సరిపోయే సూత్రాన్ని పిల్లల ఆటకు అతిదేశం చేశారన్నమాట.

ఒక ఆక్షేపణను ఇక్కడే దాటేద్దాం. ఆట మన దేశంలో అధికారికంగా విడుదల కాకముందే, గుడిలో గుడ్లు కనిపించడం భక్తుల మనోభావాలకు దెబ్బ అంటూ గుజరాత్ హైకోర్టులో వ్యాజ్యం పడింది. ఈ అండం శాకమా మాంసమా అన్న చర్చ వ్యాకరణానికి ఎక్కువ, వ్యాయామానికి తక్కువ.

అసలు పూర్వపక్షం వేరు: బొత్తిగా కదలకపోవడం కంటే కొంత నడక మేలు కదా? మేలే. అయితే ఎన్నాళ్లు? 2016 డిసెంబరులో బీఎంజే వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికాలో 18 నుంచి 35 ఏళ్ల ఆటగాళ్ల అడుగులు లెక్కించింది. మొదటి వారం రోజుకు సగటున 955 అడుగులు పెరిగాయి. ఆరో వారానికల్లా ఆ పెరుగుదల ఆవిరైంది. అది పెద్దవాళ్ల సంగతి, పిల్లలు వేరంటారా? వేరే కావచ్చు. కాని ఫోను చేతికివ్వాల్సింది, రోడ్డు మీద తోడు నడవాల్సింది, 13 ఏళ్లలోపు పిల్లల ఖాతాకు అనుమతి ఇవ్వాల్సింది ఆ పెద్దవాళ్లే. వాళ్ల కాళ్లు ఆగితే వెంట ఉన్న చిన్నకాళ్లూ ఆగుతాయి. ఆగడానికి కారణం సూత్రంలోనే ఉంది. ఇక్కడ నడక కూలిపని, గుడ్డు కూలి. కూలి మీద మోజు తీరాక పనికెవరు వస్తారు? కబడ్డీలో కూత పెట్టడమే ఆట, దానికి వేరే జీతం లేదు. 2020లో మహమ్మారి వల్ల ఆటలో గుడ్లు దొరికే మజిలీలను అందుకునే దూరాన్ని 40 మీటర్ల నుంచి 80కి పెంచారు. మరుసటేడు ఆగస్టులో కొన్ని దేశాల్లో మళ్లీ 40కి దించితే ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు, ఆటను నడిపే సంస్థ ఆ నెలలోనే దిగివచ్చింది. నడవలేనివాళ్లకు ఆ సదుపాయం అవసరమే, కాదనను. అయినా నడిపించడానికే పుట్టిన ఆటలో 40 మీటర్ల కోసం అంత పోరాటం జరిగిందంటే, ఆటగాడి మనసు దేనిమీద ఉందో తెలియడం లేదూ?

తాత్పర్యం: గుడ్డు పిల్లవాణ్ణి గుమ్మం దాటించగలదు, అంతవరకే దాని అధికారం. కనుక తల్లిదండ్రులకు మనవి. ఈ ఆటను సాయంత్రపు షికారు పద్దులో వేసుకోండి, ఆ 60 నిమిషాల పద్దులో కాదు. ఖాళీస్థలం కనబడగానే ఫోను మీ జేబులో వేసుకుని పిల్లల్ని పరుగెత్తనివ్వండి. గుడ్డు రేపు పగిలినా ఫర్వాలేదు.