ఇంట్లో మెయిన్‌ఫ్రేమా?

వైటూకే పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న తరం మాది. తోటివాళ్ళు అమెరికా వెళ్ళారు, నేను కోరుట్లలో మిగిలాను. ఆ కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్‌ను మాత్రం కళ్ళారా చూసింది లేదు. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, వాటి వెనక ఎక్కడో యంత్రం. దేవుణ్ణి ఒప్పుకున్నట్టే ఒప్పుకున్నాం.

ఈ వయసులో దాన్ని ఇంటికే తెచ్చుకోవాలన్న కోరిక కానర్ క్రుకోస్కీ వల్ల పుట్టింది. అమెరికాలో ఆ కుర్రాడు ఓ యూనివర్సిటీ వదిలించుకుంటున్న ఐబీఎం జెడ్890 మెయిన్‌ఫ్రేమ్‌ని 237 డాలర్లకు వేలంలో పాడుకుని, విప్పి, ఇంటి నేలమాళిగలో మళ్ళీ బిగించాడు. తర్వాత ఐబీఎం అతనికి ఉద్యోగమూ ఇచ్చింది. ఆ యంత్రం బరువు ఏడు క్వింటాళ్ళకు అటూ ఇటూ. అంత పసుపైతే మా ఇంట్లో పడుతుంది గానీ, దీనికి కరెంటూ కావాలి. మరమగ్గాల షెడ్డున్న సిరిసిల్ల బావకు ఫోన్ చేశాను.

"నీ షెడ్డుల ఓ మూలకు పెట్టుకుంట బావా."

"బట్ట నేస్తదా అది?"

"నెయ్యది. కని మీ సాంచెలకు చుట్టమే. జకార్డ్ మగ్గం చిల్లుల అట్టలతోని నడిచింది. అసొంటి అట్టలతోనే హోలరిత్ 1890ల అమెరికా జనాభా లెక్కగట్టిండు. ఆయన కంపెనీయే ఇంకొన్నిటితోని కలిసి తర్వాత ఐబీఎం అయింది."

"చుట్టమైతే రానీ. కరెంటు బిల్లు మాత్రం నీదే."

యంత్రం దొరకడం సులువే, చిక్కంతా లైసెన్సుతో. మెయిన్‌ఫ్రేమ్‌ను నడిపే జెడ్/ఓఎస్ కొనుక్కునేది కాదు, నెలనెలా అద్దె కట్టేది. మనలాంటి ఇంటివాళ్ళకు అందేది కాదు. ల్యాప్‌టాప్‌లోనే మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే ఐబీఎం వారి జెడ్‌పీడీటీ ఉంది గానీ, దాని అనుమతి ఓ యూఎస్‌బీ తాళంలో ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్‌లోనూ నడిచే డెబియన్ లినక్స్ ఉచితమే. అయితే లినక్స్ కోసం ఏడు క్వింటాళ్ళు మోయడమెందుకు?

చివరికి 1999లో రోజర్ బౌలర్ మొదలుపెట్టిన హెర్క్యులిస్ ఆదుకుంది. మామూలు కంప్యూటర్‌నే మెయిన్‌ఫ్రేమ్‌గా నటింపజేసే ప్రోగ్రామ్ అది. దానిమీద ఎంవీఎస్ 3.8జె అనే ముసలి సిస్టం పైసా అడక్కుండా నడుస్తుంది. ఒక్కో యూజర్‌కు 16 మెగాబైట్ల చోటు. మనవరాలి బారసాల వీడియో పట్టదు గానీ, ఒకప్పుడు బ్యాంకులు అంతలోనే సర్దుకున్నాయి.

జగిత్యాల షాపతను తెప్పించిన, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో దాన్ని ఎక్కించాను. మా ఆవిడ చూసింది.

"షెడ్డు కావాలె, కరెంటు కావాలె అన్నవ్. గిదేనా?"

ప్రస్తుతం అందులో అమీర్‌పేట నాటి పేరోల్ ప్రోగ్రామ్ నడుస్తోంది. ఐదుగురు ఉద్యోగులు, అందరూ ఉత్తుత్తివాళ్ళే.

"జీతాలు ఎప్పుడు పడుతున్నయి?"

"ఒకటో తారీఖున."

"ఒకప్పటి గవర్నమెంటోళ్ళకన్న నయం."