ఆయాసానికి అందలం

ఉబ్బసం వచ్చిందని దిగులుపడేవాళ్లు అమాయకులు. బూజు దులపమంటే దుమ్ము పడదనొచ్చు. బియ్యం బస్తా దింపమంటే ఛాతీ పట్టుకోవచ్చు. ఇంత లాభసాటి జబ్బును మందులతో పాడుచేసుకోకండి.

1. డాక్టరు రెండు పంపులు రాస్తారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒకటి. ఊపిరి గొట్టాల వాపు తగ్గించే స్టెరాయిడ్ మరొకటి, ఇది రోజూ పీల్చాలట. పీల్చగానే ఏమీ తెలియదు కాబట్టి మానేయండి. అడిగితే ‘అలవాటైపోతుందట’ అనండి. ఎవరన్నారంటే పక్కింటాయన మీదకు తోసేయండి. మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటుందన్న సంగతి మాత్రం ఎత్తకండి.

2. మొదటి పంపును ఇష్టమొచ్చినట్టు కొట్టండి. 200 పఫ్‌ల డబ్బా నెల తిరక్కుండా ఖాళీ అయితే జబ్బు ముదిరిందనుకోకండి, కంపెనీవాడు తక్కువ నింపాడనుకోండి.

3. పంపును ఊపకండి. నాలుక మీద కొట్టి వెంటనే ఊపిరి వదిలేయండి. పది సెకన్లు బిగబట్టే తీరిక ఎవరికుంది? పంపుకు తగిలించే స్పేసర్ గొట్టం మనవడికివ్వండి, బూరలా ఊదుకుంటాడు. ఇక ‘మందు పనిచెయ్యట్లేదు’ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పొచ్చు.

4. నలుగురిలో పంపు తీయకండి, పెళ్లిచూపుల్లో అసలే వద్దు. ఛాతీలో పిల్లికూతలు వినబడితే ‘మా ఇంట్లో పిల్లి ఉందండీ’ అనండి. ఎవరైనా వెతుకుతారని భయమైతే నిజంగానే ఒకదాన్ని తెచ్చి పక్కలో పడుకోబెట్టుకోండి. అబద్ధమాడిన పాపమూ ఉండదు, కూతలకూ లోటుండదు.

5. కిటికీలు మూసి దోమల కాయిల్ వెలిగించండి. దిండు గలీబులు ఉతకొద్దు. దుమ్ముకు దూరంగా ఉండమన్నది డాక్టరే కదా!

6. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి చేప మందు లైన్లో గంటల తరబడి నిలబడండి. రోజుకు రెండు నిమిషాలు పంపుకు దొరకని మనిషికి ఈ గంటలు మాత్రం దొరుకుతాయి, అదే విచిత్రం. కొర్రమీను పిల్ల గొంతు దిగగానే పంపులు పారేయండి. తగ్గకపోతే వచ్చే జూన్ ఉండనే ఉంది.

7. ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరు కొనకండి. అంకెలు రాసిపెడితే ఇంట్లోవాళ్లకు సాక్ష్యం దొరుకుతుంది.

8. అర్ధరాత్రి మాట మధ్యలో తెగుతున్నా, పెదాలు నీలం తిరుగుతున్నా, 108కి ఫోన్ చేయనివ్వకండి. ‘గ్యాసు’ అని చెప్పి ఆవిరి పట్టుకుంటూ తెల్లారేదాకా కూర్చోండి. పొద్దున మెట్లు దిగే శ్రమ కూడా మీకుండదు. నలుగురొచ్చి మోసుకెళ్తారు.