ఊరంతటికీ ఒకే కార్డు

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరి కుర్రాళ్లు పట్టాళంలో చేరుతూనే ఉన్నారు. ఇంటికొకరైనా సైన్యంలో ఉంటారని పేరు పడిపోయి, అది కాస్తా మిలటరీ మాధవరం అయింది. ఆ ఊరి కోడలినై ఉంటే నా కష్టాలు సగం తీరేవి. ఎవరి కాంటీన్ కార్డు వాళ్లకుంటుంది, ఎవరి సరుకులు వాళ్లు తెచ్చుకుంటారు. నా ఖర్మకొద్దీ మా అత్తవారిది ఆ ఊరు కాదు. మా ఊరు మొత్తమ్మీద సైన్యానికి వెళ్లింది మా ఆయన ఒక్కరే. అంచేత ఊరంతటికీ కలిపి ఉన్నది ఒకటే కార్డు. అది నా పర్సులో ఉంది.

మా ఆయన హవల్దారు. ప్రస్తుతం ఫీల్డ్‌లో ఉన్నారు. నేనూ, పిల్లలూ, మా అత్తయ్యా సికింద్రాబాదు తిరుమలగిరిలో ఒక అద్దెవాటాలో ఉంటాం. పండక్కి ఊరెళ్తే అరుగు మీది పెద్దలు, "ఏమ్మా కోడలుపిల్లా, అబ్బాయి కులాసాయేనా?" అని పిలిచి మరీ అడుగుతారు. నేను వెంటనే జవాబు చెప్పను. కాస్త ఆగుతాను. అసలు ప్రశ్న ఆ వెనకాల వస్తుంది కదా! "ఏం లేదూ, వచ్చేసారి ఆ రమ్ము ఏదైనా..." ఆడవాళ్లు ఇంకొంచెం మర్యాదస్థులు. వాళ్లు కాగితం మీద రాసిస్తారు. కుక్కరు, హార్లిక్సు, చక్రాల సూట్‌కేసు, తలకి రంగు. కాంటీన్ సరుకు బయటివాళ్లకి అమ్మకూడదు పిన్నీ, రూలు ఒప్పుకోదు అని ఒకావిడకి నచ్చజెప్పబోయాను. "అమ్మమని ఎవరన్నారే? ఊరికే ఇవ్వు" అంది. ఆ మాటకి ఏ రూల్సు పుస్తకంలోనూ జవాబు లేదు.

కాంటీనంటే మిలటరీవాళ్లకి సరుకులు ఊరికే పోస్తారని మనవాళ్ల నమ్మకం. పోయరు. కార్డు గీకాలి, డబ్బు కట్టాలి. నెలకింతని పరిమితి ఉంటుంది. నెలాఖరున స్టాకు లెక్కలని తలుపులు మూస్తారు. తెరిచిన రోజున టోకెను పుచ్చుకుని వరసలో నిలబడితే, నా వంతు వచ్చేసరికి రాక్‌లో తలనూనె అయిపోయి బూటుపాలిషు మాత్రం మిగిలి ఉంటుంది. మాకు దక్కే పెద్ద వరం జీఎస్టీలో సగం మినహాయింపు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బుల మీదా, షాంపూల మీదా ఆ పన్నునే 18 శాతం నుంచి 5 శాతానికి దించేశారు. దేశమంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. తరవాత లెక్కేసి చూస్తే మా సగం ఇప్పుడు రెండున్నర శాతం. ఆ రెండున్నర కోసం పోనూ రానూ ఆటోవాడికి సమర్పించుకునేది వేరే లెక్క. ఈ దెబ్బతోనైనా చుట్టాలు సబ్బుల సంగతి మరిచిపోతారనుకున్నాను. సబ్బులు మరిచిపోయారు గానీ రమ్ముని మరవలేదు. మందుకి జీఎస్టీయే లేదు కనక ఆ అభిమానానికి ఏ లోటూ రాలేదు.

మా ఆదాయం ఎంతో మాకంటే ఊరికి బాగా తెలుసు. 2017లో సియాచిన్ భత్యం జవాన్లకి నెలకి 14,000 నుంచి 30,000కి, ఆఫీసర్లకి 21,000 నుంచి 42,500కి పెంచారు. ఆ వార్త పేపర్లో పడ్డ మర్నాడు పొద్దున్నే మా వేలువిడిచిన బావగారు చేబదులుకి ఫోన్ చేశారు. అప్పుడు మా ఆయన ఉన్నది రాజస్థాన్‌లో. ఎండకి చెప్పులు కాలిపోయే చోటు. ఆ మాటే చెప్తే, "ఎక్కడైతేనేంలే, మిలటరీయే కదా" అన్నారు. మా అత్తయ్య అభ్యంతరం మరోటి. ఆ మంచులో ఆఫీసరుకైనా సిపాయికైనా వేసే చలి ఒకటే అయినప్పుడు డబ్బులో ఆ తేడా ఎందుకని. నన్నడిగితే ఆవిడ మాటలో న్యాయం ఉంది. నన్నెవరూ అడగలేదు, ఆవిడనీ అడగలేదు.

మిలటరీ జీతంతో చిక్కేమిటంటే ఒక సంసారానికి రెండు పొయ్యిలు. అక్కడ ఆయనకి తిండి సర్కారే పెడుతుంది, నిజమే. కానీ ఫోను, దారి ఖర్చులు, యూనిట్‌లో ఎవరి కూతురి పెళ్లికో ఇచ్చే చందా, ఇవన్నీ ఆయన పద్దు. ఇక్కడ అద్దె, పాలు, కరెంటు, స్కూలు వ్యాను, ఇవి నా పద్దు. దేశం పద్దూ ఇలాంటిదే. 2025-26లో రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో 1.61 లక్షల కోట్లు ఒక్క పింఛన్లకే. జీతాలూ, మిగతా ఖర్చులూ పోగా కొత్త ఆయుధాలూ, విమానాలూ వగైరా కొనడానికి మిగిలింది 1.49 లక్షల కోట్లు. టీవీలో పెద్దపెద్దవాళ్లు కూచుని ఇది చాలదని గుండెలు బాదుకుంటుంటే నాకు కొంచెం ఓదార్పుగా ఉంటుంది. మా అత్తయ్య మోకాళ్ల మందులూ, పిల్లల ఫీజులూ పోగా, కిందటేడు మేము కొన్న కొత్త సామగ్రి ఒక అట్లకాడ.

పెద్ద వస్తువు కొనాలంటే మా ఇంట్లోనూ ఢిల్లీ పద్ధతే. అక్కడ ఏ తుపాకీ కొనాలన్నా ముందు ఆ వస్తువు అవసరమేనని ఒక మండలి ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఆ మండలి మా ఆయన. వాషింగ్ మెషీన్ మాట ఎత్తితే, "ఇన్నాళ్లూ చేత్తోనే ఉతికావు కదా" అంటారు. అదీ ఆయన యూనిఫాం ధోబీకి వేసి వచ్చిన రోజున. పక్కవాటా వాళ్ల మిషను ఎలా పనిచేస్తుందో చూసి చెప్పమంటారు, అది పరీక్షల దశ. మూడు షాపుల్లో రేట్లు కనుక్కోమంటారు, అది టెండర్ల దశ. ఈలోగా మార్చి వస్తుంది, స్కూలు ఫీజులు వస్తాయి, ఫైలు అటకెక్కుతుంది. తేజస్ విమానానికి 1983లో మంజూరు దొరికితే అది మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. వాయుసేనలో తొలి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016 జులైలో. దీని మీద ఎవరైనా వెటకారంగా మాట్లాడితే నేనూరుకోను. ముప్ఫై మూడేళ్లకైనా విమానం వచ్చింది. మా మిషనుకి ఇంకా అవసరమే రుజువు కాలేదు.

పిల్లల చదువుకి సర్కారు సాయం ఉంది, లేదనకూడదు. 2024 జనవరి నుంచి నెలకి తలకి 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల వరకూ. ఆ యాభై పైసలు నిర్ణయించిన మహానుభావుడెవరో గానీ ఆయన ఇంట్లో కచ్చితంగా వాషింగ్ మెషీన్ ఉండి ఉండదు. అంత పట్టింపు మనిషి. మావాళ్లిద్దరూ ఏ ఊరెళ్లినా కేంద్రీయ విద్యాలయంలోనే. 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్లతో మొదలైన ఈ బడులు మాలాంటి దిమ్మరి సంసారాల కోసమే పుట్టాయి. పుస్తకాలు మారవు, యూనిఫాం మారదు. మారేది భాష. జలంధర్లో ఉన్నన్నాళ్లూ మావాడు అన్నం ముందు కూచుని "కీ బణాయా?" అని అడిగేవాడు. ఊరెళ్లినప్పుడు వాళ్ల తాతయ్యకి మడమలు జోడించి "రామ్ రామ్ సాబ్" అన్నాడు. ఆయన అర్థం అడగలేదు. సాయంత్రం దాకా వీధి వీధీ తిప్పి అందరికీ ఆ నమస్కారం పెట్టించారు.

నాన్నది ఏ ఊరని టీచరు అడిగితే "56 ఏపీఓ" అని రాసి వచ్చాడు వాడు. వాడి తప్పేం లేదు. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. పడమటి వైపున్న యూనిట్ల ఉత్తరాలకి 56 ఏపీఓ, తూర్పు వైపువాటికి 99 ఏపీఓ అని ఉంటుంది తప్ప, ఊరూ పేరూ ఉండదు. ఆయన తూర్పుకి మారినప్పుడు మా అత్తయ్య కవరు తిప్పి తిప్పి చూసి, "యాభయ్యారు నుంచి తొంభైతొమ్మిది చేశారే, ప్రమోషనా?" అంది. ఎక్కడున్నారో ఫోన్లోనూ చెప్పరు. ఏం చేస్తాం, దేశ భద్రత. కాకపోతే మా అత్తయ్య చాలా తెలివైనది. ఎక్కడున్నావురా అని అడగదు. "స్నానానికి వేణ్ణీళ్లు పెట్టుకుంటున్నావా నాన్నా?" అంటుంది. ఆ జవాబును బట్టి మ్యాపులో సుమారుగా వేలు పెట్టేస్తుంది. ఇక కాంటీన్ వరసలో నిలబడే ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఏ యూనిట్ ఎటు కదులుతుందో ఆర్డరు టైపు కాకముందే అక్కడ మాట్లాడేసుకుంటారు.

పిల్లలకి ఈ యుద్ధవిద్య ఇంకా బాగా అబ్బింది. నాన్న ఫోన్లో సిగ్నల్ బాగున్నంతసేపూ భక్తిగా మాట్లాడతారు. గొంతు ముక్కలు ముక్కలుగా వినపడటం మొదలవగానే మా అమ్మాయి అందుకుంటుంది. "నాన్నా, స్కూలు టూరుకి పంపిస్తావా?" అటునుంచి గరగరమని ఏదో శబ్దం. లైను కట్. "నాన్న ఊఁ అన్నారమ్మా." మార్కుల కాగితం మాత్రం బొమ్మ ఆగిపోయి, ఆయన నోరు తెరిచి ఉన్నప్పుడే చూపిస్తారు.

కాగితం మీద ఆయనకి ఏడాదికి 60 రోజుల సెలవు, పైన 30 రోజుల క్యాజువల్. ముక్కలు ముక్కలుగా వస్తుంది. వచ్చిన వారం ఇల్లు యూనిట్ అయిపోతుంది. అయిదింటికి ఈల. చెప్పులు గోడవారన వరసలో ఉండాలి. దుప్పటి మడత మీద గోరుతో గీత గీసి చూస్తారు. పోపులపెట్టెలో గిన్నెల మీద పేర్లు రాసిన చీటీలు అంటిస్తారు, ఆవాలెక్కడున్నాయో ఇన్నేళ్లుగా నాకు తెలియనట్టు. పిల్లలు ఎదురు తిరగరు. ఓపిగ్గా కాచుకుంటారు. రెండో వారానికి ఆయన ఏడింటికి లేస్తారు. మూడో వారానికి మంచం మీదనుంచే కాఫీ అడుగుతారు, రాత్రి వాళ్లమ్మ పక్కన కూచుని సీరియల్లో కోడలి కష్టాలకి కళ్లు తుడుచుకుంటారు. ఆ కోడలికి మాత్రం వాషింగ్ మెషీన్ ఉంది.

ఇంతకీ అసలు ఇబ్బంది లెక్కలు. ఇంటి లెక్కలు కాదు, మావాడి ఆరో తరగతి లెక్కలు. భిన్నాలు చెప్పేది వాళ్ల నాన్నే. ఆయన అటు వెళ్లగానే లవమూ హారమూ నా నెత్తిన పడతాయి. ఫోన్లో చెప్పబోతే సగంలో లైను పోతుంది, ఏ సగమో వాడికి తెలియదు.

అందుచేత బంధువులందరికీ మనవి. ఈ నెల కోటా అయిపోయింది. వచ్చే నెలకి జాబితా రాసి పంపేవాళ్లు, కుక్కరు ఎన్ని లీటర్లదో రాసినచోటే, ఏ ఆదివారం తిరుమలగిరి వచ్చి మావాడికి భిన్నాలు చెప్తారో కూడా రాయండి. డబ్బు మాత్రం ముందే పంపాలి.