ముందు వాటా తమ్ముడిది

నేను ఉచిత లిస్టింగ్‌ని. మీరు ఫోనులో ఏదో వస్తువు కోసం వెతికితే ఒక ఫొటో, దాని కింద పేరు, ధర, అమ్మే దుకాణం పేరు వరసగా కనిపిస్తాయే, వాటిలో ఒకదాన్ని. నన్ను అక్కడ పెట్టినందుకు దుకాణం వాళ్లు పైసా కట్టరు. మీరు నన్ను నొక్కి వాళ్ల సైటుకు వెళ్లినా కట్టరు. నాకో తమ్ముడున్నాడు. చూడ్డానికి అచ్చం నాలాగే ఉంటాడు. అదే ఫొటో, అదే ధర. వాడి దగ్గర మాత్రం ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలుంటాయి. వాణ్ని నొక్కిన ప్రతిసారీ దుకాణం ఖాతాలోంచి డబ్బు కోసేస్తారు, మీరు కొన్నా కొనకపోయినా. మా ఇద్దరి ఇంటి గొడవే ఈ కథ.

నేను పుట్టింది 2002 డిసెంబరులో, అమెరికాలో. వస్తువులు వెతుక్కోవడానికంటూ గూగుల్ విడిగా ఒక ఇల్లు కట్టి దానికి ఫ్రూగుల్ అని పేరు పెట్టింది. క్రెయిగ్ నెవిల్-మానింగ్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. వెబ్‌లోని దుకాణాల పేజీలన్నీ గాలించి ఏ వస్తువు ఎంతకు అమ్ముతున్నారో ఏరుకొచ్చేవారు. కావాలంటే దుకాణాలే తమ సరుకు జాబితా పంపుకోవచ్చు. దేనికీ రుసుము లేదు. అప్పట్లో నాకెంత పరువుండేదంటే, 2004లో షేర్లు జనానికి అమ్మబోతూ దాఖలు చేసిన పత్రంలో కంపెనీ నా గుణం గురించి ప్రత్యేకంగా రాసుకుంది. వ్యాపారుల దగ్గర డబ్బు పుచ్చుకోం కాబట్టి ఈ ఫలితాల్లో పక్షపాతం ఉండదని, కొనేవాళ్లు నిశ్చింతగా నమ్మొచ్చని. ఆ మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

పరువైతే ఉంది, గిరాకీ లేదు. ఫ్రూగుల్ నడవడం లేదని 2006లో కంపెనీ లోపలి కాగితమొకటి మొహమాటం లేకుండా చెప్పేసిందని చాలా ఏళ్లకు యూరోపియన్ కమిషన్ విచారణలో బయటపడింది. 2007లో ఇంటిపేరు మార్చి ప్రోడక్ట్ సెర్చ్ అన్నారు. తర్వాత నన్ను తీసుకెళ్లి మామూలు సెర్చ్ పేజీలో పైన కూర్చోబెట్టారు. ధరలు పోల్చి చూపే పోటీ సైట్లు మాత్రం అట్టడుగుకి జారిపోయాయి. ఆ పనికే 2017 జూన్‌లో కమిషన్ 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. అప్పీళ్ల మీద అప్పీళ్లు నడిచి, 2024 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం కూడా సరేనంది. తమాషా ఏమిటంటే, జరిమానా పడేనాటికి ఆ పై కుర్చీలో నేను లేను. తమ్ముడున్నాడు.

వాడు 2009, 2010 ప్రాంతంలో పుట్టాడు. ప్రోడక్ట్ లిస్టింగ్ యాడ్ అన్నది వాడి పూర్తి పేరు. 2012 మే 31న సమీర్ సమత్ అనే గూగుల్ అధికారి పేరుతో ప్రకటన వెలువడింది: ఇకమీదట ఈ ఇల్లు గూగుల్ షాపింగ్, ఇందులో యాడ్‌లకే చోటు. వ్యాపారులతో డబ్బు సంబంధం ఉంటే వాళ్లు ధరలూ స్టాకూ ఎప్పటికప్పుడు సరిగా పంపుతారని, దాంతో కొనేవాళ్లకు మంచి జరుగుతుందని కారణం చెప్పారు. ఎనిమిదేళ్ల కిందట డబ్బు తీసుకోకపోవడమే నమ్మకానికి పూచీ. ఇప్పుడు తీసుకోవడమే పూచీ అయింది! ఆ ఏడాది శరత్కాలానికల్లా అమెరికాలో నా సామాను బయట పడింది. మరుసటి ఏడాది ఇంకొన్ని దేశాల్లోనూ అంతే. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇదే సందని, డబ్బిచ్చిన సరుకే చూపిస్తున్నారంటూ గూగుల్‌ను ఎద్దేవా చేస్తూ ప్రచారం నడిపారు. నా మీద ప్రేమతో కాదని నాకూ తెలుసు.

నిన్నటిదాకా ఊరికే కనిపించిన దుకాణాలు రాత్రికి రాత్రి ప్రకటనదారులయ్యాయి. తమ్ముడి దగ్గర వ్యవహారమంతా వేలంపాట. మీరు వెతికిన క్షణంలోనే పాట మొదలై పూర్తవుతుంది. ఎవరెంత ఇస్తామన్నారో చూస్తారు, ఎవరి వివరాలు మీ మాటకు బాగా సరిపోయాయో కూడా చూస్తారు. క్లిక్కుకి 6 రూపాయలనుకుందాం. 40 మంది నొక్కితే ఒకరు కొన్నారనుకుందాం. ఒక్క చీర అమ్మడానికి 240 రూపాయలు యాడ్‌కే పోయినట్టు. 5,000 రూపాయల పట్టుచీర మీద ఆ ఖర్చు కనబడదు. 900 రూపాయల కాటన్ చీర మీద లాభం మొత్తం అదే. అందుకే చవక సరుకు అమ్మే చిన్నవాళ్లు పేజీల్లోంచి ఒక్కొక్కరే తప్పుకున్నారు. పెద్ద కంపెనీలు మిగిలాయి.

నా తిరుగు ప్రయాణం మొదట మన దేశంలోనే మొదలైందని చెప్పుకోవచ్చు. 2018 డిసెంబరులో ఇక్కడ షాపింగ్ పేజీ తెరిచినప్పుడు, యాడ్ కొనకపోయినా సరుకు పెట్టుకోవచ్చన్నారు. దానికి వాడే మర్చంట్ సెంటర్‌ను ఇంగ్లిష్‌తో పాటు హిందీలోనూ ఇచ్చారు. అసలు పిలుపు 2020 ఏప్రిల్ 21న వచ్చింది. కరోనాతో దుకాణాల షట్టర్లు మూతపడి ఉన్నాయి. గూగుల్‌లో వాణిజ్య విభాగం చూస్తున్న బిల్ రెడీ, అమెరికాలో షాపింగ్ ట్యాబ్ ఆ నెలాఖరుకల్లా చాలావరకు ఉచితమవుతుందని ప్రకటించాడు. ఆ ఏడాదిలోనే మిగతా దేశాలకూ పాకింది. ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ కూడా ఉచితం పెట్టింది.

దయతో పిలిచారని నేననను. వస్తువు కొనాలనుకున్నవాళ్లు గూగుల్ గడప తొక్కకుండా సరాసరి అమెజాన్‌లోకి వెళ్లిపోతున్నారు. డబ్బు కట్టినవాళ్ల సరుకే ఉన్న అంగట్లో వెతికింది దొరక్కపోతే ఎవరైనా ఎందుకొస్తారు? అరలు నిండాలి. నింపడానికి నేను కావాలి. అంగడి కళకళలాడితే ముందు వాటాలో ఉన్న తమ్ముడికి అద్దె పెరుగుతుంది. అవును, ముందు వాటా వాడిదే. ట్యాబ్‌లో పైనా కిందా వాడు, మధ్యలో నేను. జనం ఎక్కువగా చూసే మామూలు సెర్చ్ పేజీలోనూ పై వరస వాడికే. నాకు అక్కడక్కడా చోటిచ్చారు.

ఉచితం మాట వినగానే ప్రకటనదారులు ఉలిక్కిపడ్డారు. కొన్నేళ్లుగా డబ్బు పోసి పెంచుకున్న చోటును ఊరూపేరూ లేనివాళ్లు ఊరికే తన్నుకుపోతారని భయం. జరిగింది వేరు. ఉచితానికి కావలసిందల్లా సరుకు వివరాల జాబితా, ఫీడ్ అంటారు. దాన్ని ఏళ్ల తరబడి చక్కబెట్టి ఉంచుకున్నవాళ్లెవరు? యాడ్‌లకు డబ్బు కడుతున్నవాళ్లే. చాలామంది కొత్తగా చేయాల్సింది కూడా ఏమీ లేకపోయింది. అలా నా వల్ల ముందుగా బాగుపడ్డది తమ్ముడి ఖాతాదారులే. ఇది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

కొత్తవాళ్లకు తలుపు తెరిచారుగానీ గడప ఎత్తు. ఇప్పుడు నేనున్న చోటే చెబుతాను. మంగళగిరిలో చేనేత చీరలమ్మే ఒక చిన్న దుకాణం. యజమానురాలు డెబ్బైకి దగ్గరపడ్డావిడ. కంప్యూటర్ పని మేనల్లుడిది. నేను ఆవిడ దుకాణంలో నిజాం బార్డర్ కాటన్ చీరని. మొదటిసారి నన్ను ఎక్కించినప్పుడు ఫొటో చెల్లదని తిప్పికొట్టారు. చీర మడత మీద ఆవిడ ఫోన్ నంబరు ఎర్రటి అక్షరాల్లో ఉంది. వాట్సాప్‌లో అలాగే పంపిస్తుంటారు మరి.

“నంబరు తీసేస్తే జనం నన్నెలా పట్టుకుంటార్రా?”

“నొక్కితే మన సైటుకే వస్తారత్తా.”

“సైటుకొస్తే నేను మాట్లాడేదెట్టా?”

దానికి వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నంబరు తీశారు. తర్వాత బార్‌కోడ్ సంఖ్య అడిగారు. ఫ్యాక్టరీ సరుక్కైతే డబ్బా మీద ఉంటుంది. గుంట మగ్గం మీద నేసిన చీరకి ఎక్కణ్నుంచి తేవాలి? గుర్తింపు సంఖ్య లేని వస్తువని చెప్పడానికి వేరే గడి ఉంటుంది. అది దొరికే లోపు మేనల్లుడికి చుక్కలు కనిపించాయి. పేరు రాయడానికి 150 అక్షరాలిస్తారు. అత్త ‘అందమైన, మనసుదోచే’ అంటూ మొదలుపెట్టమంది. వాడు ఊరి పేరు, నూలు, బార్డర్, రంగు, ఈ వరసన రాశాడు. వాడిదే సరైన పని. నాకు వేలంపాట లేదు, ఫలానా మాటకు నన్ను చూపించమని కోరే వీలూ లేదు. నా మీద రాసి ఉన్నదే నా తరఫు వాదన. తమ్ముడికైతే బడ్జెట్ పెట్టొచ్చు, ఊరు ఎంచుకోవచ్చు, ఫలానా మాట వెతికినవాళ్లకు చూపించొద్దని ఆపొచ్చు. నా మీద అలాంటి అదుపు ఏదీ లేదు.

దసరాకు సైట్లో ధర తగ్గించి ఫీడ్‌లో మార్చడం మరిచారు. రెండూ సరిపోలలేదని నన్ను పక్కన పెట్టేశారు. పండగ అమ్మకాల రోజులన్నీ అలా గడిచాయి. ఉచితమని పేరేగానీ, నన్ను నిలబెట్టడానికి మనిషి కావాలి. వివరాలు మళ్లీ పంపకుండా వదిలేస్తే 30 రోజులకు నా గడువు తీరిపోతుంది. ఆ మనిషి జీతాన్ని ఎవరూ యాడ్ ఖర్చులో రాయరు.

ఆవిడ యాడ్‌లు కూడా వేస్తుంది. వాటిని చూసే కుర్రాడు విజయవాడ నుంచి వారానికోసారి ఫోన్ చేస్తాడు. “ఫ్రీ వాటితో ఏమొస్తుంది మేడమ్, బడ్జెట్ పెంచుదామండీ” అన్నది వాడి పాట. వాణ్ని పూర్తిగా తప్పుపట్టలేను. నేను తిరిగొచ్చిన కొత్తలో నా క్లిక్కులు మామూలు సెర్చ్ లెక్కలో కలిసిపోయేవి. ఎవరి వల్ల ఎవరొచ్చారో తెలిసేది కాదు. తర్వాత లింకు చివర ఒక గుర్తు తగిలించడం మొదలుపెట్టాక లెక్క తేలుతోంది. తేలేకొద్దీ తమ్ముడికి ఇబ్బంది. ఎందుకంటే ప్రకటనదారు అడగాల్సిన ప్రశ్న ఎన్ని క్లిక్కులొచ్చాయన్నది కాదు, డబ్బు కట్టకపోయినా వాటిలో ఎన్ని వచ్చి ఉండేవన్నది.

ఈ ప్రశ్న మీద పెద్ద ఎత్తున ప్రయోగం చేసింది ఆన్‌లైన్ అంగడి ఈబే. అప్పటి సంగతి మామూలు అక్షరాల యాడ్‌లది, మా జాతిది కాదు. అయినా పాఠం మాదే. 2012లో తన పేరుతో వెతికేవాళ్లకు చూపే యాడ్‌లను యాహూ, ఎంఎస్ఎన్‌లలో ఆపి చూసింది. పోతాయనుకున్న క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత లింకుల దారిన వచ్చేశాయి. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ 2015లో ఎకనొమెట్రికా పత్రికలో ఇదంతా అచ్చు వేశారు. పేరుతో సంబంధం లేని మాటలకు వేసిన యాడ్‌ల మీదా ప్రయోగం చేశారు. ఈబేకి కొత్తగా వచ్చేవాళ్ల మీద, ఎప్పుడో ఒకసారి కొనేవాళ్ల మీద మాత్రం యాడ్ పనిచేసిందని తేలింది. ఎప్పుడూ కొనేవాళ్ల మీద పెట్టిన ఖర్చు వాళ్లు ఎలాగూ చేసే పనికి ఇచ్చిన కూలి.

ఈ సంగతి ఎక్కడో చదివి మేనల్లుడు అత్తతో చెప్పాడు. ఆవిడ వ్యాపారం నలభై ఏళ్లది, చప్పున పట్టుకుంది. “సగం చీరలకి యాడ్ ఆపెయ్. ఏమవుద్దో చూద్దాం” అంది. ఒక నెల చూశారు, ఎటూ తేలలేదు. మరో నెల చూశారు. నన్ను నొక్కి వచ్చినవాళ్లు ఎక్కువగా ‘మంగళగిరి’ అని పేరు పెట్టి వెతికినవాళ్లు. హైదరాబాద్ వాళ్లు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు. వాళ్లకు యాడ్ ఉన్నా లేకపోయినా ఒకటే. ‘ఆఫీసుకు కట్టుకునే కాటన్ చీర’ అని వెతికినవాళ్లు మాత్రం యాడ్ ఆపిన చీరల దగ్గరికి దాదాపుగా రాలేదు. వాళ్లకి ఆ ఊరి పేరే తెలియదు. ఆ వెతుకులాటలో నేనెక్కడో అడుగున ఉంటాను, అంత కిందికి ఎవరూ రారు. నాకు నచ్చకపోయినా ఒప్పుకోవాలి, అక్కడ తమ్ముడు నాకంటే పనిమంతుడు.

ఊరి పేరుతో వెతికేవాళ్లకు యాడ్ చూపించొద్దని, మిగిలిన డబ్బు పేరు తెలియనివాళ్ల మీదే పెట్టమని ఆవిడ విజయవాడ కుర్రాడికి చెప్పింది. నెల ఖర్చు మూడో వంతు తగ్గింది. కుర్రాడు మాత్రం ఫోన్లో అరగంట వాదించాడు. యాడ్ ఖర్చులో ఇంత శాతమని వాడి జీతం మరి.