ఈత రాదు, కెమెరా కావాలి

మా బామ్మర్ది దృష్టిలో సముద్రాలు మూడు రకాలు: 10 మీటర్ల సముద్రం, 15 మీటర్ల సముద్రం, 30 మీటర్ల సముద్రం. కెమెరా డబ్బా మీద ఎంత లోతు రాసుంటే అంత సముద్రమే మనకు దక్కుతుందని వాడి సిద్ధాంతం. అండమాన్ టికెట్లు బుక్ చేసినప్పటి నుంచి మా ఇంట్లో ఏ మాట మొదలైనా చివరికి లోతు దగ్గరే తేలేది.

"బావా, గోప్రో అయితే పైన ఏ తొడుగూ లేకుండా 10 మీటర్లు దిగుతుంది. ఒలింపస్ టఫ్ అయితే 15. నికాన్ డబ్ల్యూ300 అయితే ఏకంగా 30. కానీ దాన్ని తయారు చేయడం ఆపేశారు బావా, దురదృష్టం!"

అన్నీ విని మా ఆవిడ ఒక్కటే అడిగింది. "అసలు మనలో ఈత ఎవరికొచ్చు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. పేరుకు బెజవాడ వాళ్లం, కృష్ణ ఒడ్డున పెరిగాం. పుష్కరాలకు మునకలు వేశాం కూడా. అయితే అది ఘాట్ మెట్టు మీద, గొలుసు గట్టిగా పట్టుకుని.

ఈత రానివాళ్లకు అండమాన్‌లో మంచి ఏర్పాట్లే ఉన్నాయి. హేవ్‌లాక్ దీవి (2018 చివర్లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు) జెట్టీ నుంచి పడవలో ఎలిఫెంట్ బీచ్‌కు తీసుకెళ్తారు. ఒంటికి లైఫ్ జాకెట్ తొడిగి, చంకల కింద గాలి ట్యూబు పెట్టి, ముఖానికి మాస్కు బిగించి, నోట్లో స్నార్కెల్ గొట్టం దూర్చి నీళ్ల మీద బోర్లా పడుకోబెడతారు. గైడ్ కుర్రాడు ఆ ట్యూబును పట్టుకుని ఈదుతూ లాక్కెళ్తాడు. మన వంతు శ్రమల్లా ముఖం నీళ్లలో పెట్టడమే. అంటే యజమాని దిగే లోతు జానెడు. ఆయన చేతిలో కెమెరాకు మాత్రం 15 మీటర్ల అర్హత ఉండాలి! మన దగ్గర ఉద్యోగాల్లో తప్ప ఇంత ఓవర్ క్వాలిఫికేషన్ ఇంకెక్కడా చూడలేదు.

మా అబ్బాయికి ఈ చర్చంతా పాతకాలం వ్యవహారంగా కనిపించింది. "నా ఫోను ఐపీ68 నాన్నా. నీళ్లలో అరగంట ఉంచినా ఏమీ కాదు" అన్నాడు. నేను వారంటీ కాగితం తీసి భూతద్దం పెట్టి చదివాను. నీళ్లలో ముంచవచ్చు అన్న సంగతి డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంది. నీళ్లు వెళ్లి పాడైతే వారంటీ వర్తించదు అన్న సంగతి లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైగా ఆ పరీక్షలన్నీ మంచినీళ్లలో, కదలకుండా ఉంచి చేసేవి. సముద్రం మంచినీళ్లూ కాదు, కదలకుండానూ ఉండదు. ఛార్జింగ్ పెట్టే చోట ఉప్పు చేరితే అక్కడి లోహాన్ని నెమ్మదిగా తినేస్తుంది. ఇంకో చిక్కు ఉంది. టచ్ స్క్రీన్ మన వేలిని గుర్తుపట్టేది అందులోంచి విద్యుత్తు ప్రసరిస్తుంది కాబట్టి. ఉప్పునీళ్లలోంచి కూడా ప్రసరిస్తుంది. సముద్రం మొత్తం ఒకేసారి వేలు పెడితే ఏ ఫోను మాత్రం ఏం చేస్తుంది?

దానికి విరుగుడుగా ప్లాస్టిక్ పౌచ్ తెచ్చాం. మెడలో వేలాడదీసుకునే రకం, రెండు సినిమా టికెట్ల ఖరీదు కూడా లేదు. నన్నడిగితే మొత్తం నీటి కెమెరాల సంతలో నిజాయితీగల సరుకు ఇదొక్కటే. దానికి లోతు గురించి గొప్పలు లేవు, ఇంట్లోనే పరీక్షించి చూసుకోవచ్చు. ఫోను బదులు లోపల టిష్యూ పేపరు పెట్టి, మూత బిగించి, రాత్రంతా బకెట్లో ముంచి ఉంచాలి. తెల్లారి టిష్యూ పొడిగా ఉంటే నమ్మవచ్చు. లోపల గాలి ఉండటంతో మా పౌచ్ ఎంతకీ మునగలేదు. చివరికి దాని మీద పచ్చడి బండ పెట్టాం. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ బకెట్ ముట్టుకోకూడదని మా ఆవిడ బాత్రూం తలుపు మీద కాగితం అంటించింది. పొద్దున్నే మూత తీసి చూస్తే టిష్యూ గరగరలాడుతోంది, పౌచ్ మాత్రం చింతపండు వాసన కొడుతోంది.

"సరేలే, ఫోను అందులో పెట్టు. కానీ అసలు కెమెరా కూడా ఒకటి ఉండాలి బావా" అన్నాడు బామ్మర్ది. ఎందుకురా అంటే "చేపల కోసం" అన్నాడు.

అబద్ధం. నీళ్లలో కెమెరా ఎవరూ చేపల కోసం కొనరు. చేపలు కావాలంటే టీవీలో మనకంటే బాగా తీసినవాళ్లు బోలెడుమంది. మనకు కావలసింది మనం. వెనక చేప, ముందు మనం. ఆ ఫొటో వాట్సాప్ డీపీగా పెట్టుకుంటే తెనాలి పెదనాన్నగారి దగ్గర నుంచి డల్లాస్ మేనకోడలి దాకా "వావ్" అనాలి.

ఈ జబ్బు మనతో మొదలైంది కాదు. ఫ్రాన్స్‌లో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రవేత్త ఉండేవాడు. బాన్యుల్స్ అనే సముద్రతీర పట్నంలో 1893లో నీళ్లలోకి దిగి ఫొటోలు తీశాడు. డైవింగ్ సూటు వేసుకుని, పెట్టెలో బిగించిన కెమెరాను అడుగుకు దించి, వెలుతురు చాలక నిమిషాల తరబడి కదలకుండా కూర్చునేవాడు. ఆయనది శాస్త్రం, కాదనను. కానీ అదే బూతాన్ 1899లో ఎమిల్ రకోవిట్జా అనే రుమేనియా శాస్త్రవేత్తను సముద్రం అడుగున నిలబెట్టి ఫొటో తీశాడు. నీటి అడుగున తీసిన తొలి మనిషి ఫొటోగా దానికి పేరు. అందులో ఉన్నది డైవింగ్ సూటు, తల మీద లోహపు హెల్మెట్. లోపలున్నది రకోవిట్జాయేనని చరిత్ర చెబుతోంది కాబట్టి నమ్ముతున్నాం. ఈ ముక్క ముందే సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే మా ఇంట్లో తర్వాత జరిగిన గొడవ జరిగేది కాదు.

సరే, కొనడానికి బీసెంట్ రోడ్డు వైపు వెళ్లాం. షాపతను గాజు బీరువాలోంచి కెమెరా తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు చేతుల మధ్య పెట్టి చూపించాడు. "వాటర్‌ప్రూఫ్ సార్. షాక్‌ప్రూఫ్. డస్ట్‌ప్రూఫ్."

"ఓసారి నీళ్లలో ముంచి చూపిస్తారా?" అడిగాను.

అతను కెమెరాను గుండెకు హత్తుకున్నంత పని చేశాడు. "అమ్మో, డిస్‌ప్లే పీసు సార్!"

ధర విని మేమూ అదే పని చేశాం, పర్సులతో. అరువే మేలనుకున్నాం. అదృష్టవశాత్తు మా ఆఫీసులో ఒకాయన దగ్గర 2019లో వచ్చిన ఒలింపస్ టఫ్ టీజీ6 ఉంది. మా అవసరానికి అది చాలా మంచి కెమెరా. పగడపు కొమ్మల్లో చేపపిల్లను ముక్కు దగ్గరగా వెళ్లి తీయాలంటే దాన్ని మించింది లేదు. గోప్రో సంగతి వేరు, దాని చూపు వెడల్పు. ఎదురుగా ఉన్న సముద్రమంతా ఫ్రేములో పడుతుంది, అందులో చేప చుక్కై కూర్చుంటుంది. ఈదుతూ వీడియో తీసేవాళ్లకు గోప్రో, తేలుతూ ఫొటో తీసేవాళ్లకు టఫ్. ఇన్ని వీడియోలు చూసిన బామ్మర్దికి ఎవరూ చెప్పని మాట ఇది, నేను ఉచితంగా చెబుతున్నాను.

అరువు కెమెరా ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. బ్యాటరీ మూత చుట్టూ సన్నటి రబ్బరు అంచు ఉంటుంది. నీళ్లను ఆపేది అదొక్కటే. దానికి వెంట్రుక అడ్డం పడినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా సముద్రం లోపలికి వచ్చేస్తుంది. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌకను బలి తీసుకున్నది కూడా ఇటువంటి రబ్బరు రింగే. చలికి అది బిగుసుకుపోతుందని విచారణలో భౌతికశాస్త్రవేత్త ఫైన్మన్ గ్లాసుడు ఐసునీళ్లలో రబ్బరు ముక్క ముంచి చూపించాడు. నేను ఈ కథ ఉద్వేగంగా చెబుతుంటే మా ఆవిడ కెమెరా లాక్కుని మూత తెరిచింది.

"ఇది కుక్కర్ గ్యాస్కెట్టేగా!" అంది.

అంతే. ఆ క్షణం నుంచి బామ్మర్ది హోదా పోయింది, సాంకేతిక నిపుణురాలు ఆవిడే. చూపుడువేలు కొసతో అంచు చుట్టూ నెమ్మదిగా తడిమింది. ఒక మూల ఆగి, గోటితో ఏదో లాగింది. బల్బు వెలుగులో పెట్టి చూపించింది: పొట్టి వెంట్రుక, తెల్లది. మా ఆఫీసాయనది బట్టతల అయ్యేసరికి అదెవరిదన్న చర్చ కాసేపు నడిచింది. గ్యాస్కెట్టు ఏడాదికోసారి మార్చాలని, వాడాక మూత తీయకుండానే మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించాలని, తడి చేత్తో మూత తెరవకూడదని ఆవిడ శాసనాలు చేసింది. కెమెరాతో వచ్చే పుస్తకంలోనూ సరిగ్గా ఇవే ఉన్నాయి. ఆవిడ ఆ పుస్తకం తెరవనైనా లేదు.

నేను చేసిన ఒకే ఒక్క మంచి పని నారింజ రంగు తేలే పట్టీ కొనడం. ఇంత ఖరీదు పెట్టి తయారుచేసే ఈ కెమెరాలు నీళ్లలో పాడవవు కానీ చేయి జారితే బుడుంగున మునుగుతాయి. 15 మీటర్ల లోతులో చెక్కుచెదరకుండా ఉంటుంది, నిజమే. తెచ్చేదెవరు?

ఎలిఫెంట్ బీచ్‌లో మా పడవతనిది సిక్కోలు మాట. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మాస్కు అద్దానికి ఆవిరి పడుతోందని చెబితే అతను తేలిగ్గా అన్నాడు: "లోపల కాస్త ఉమ్మేసి రుద్దీండి బాబూ, మంచు పట్టదు."

మా అత్తగారు మా వెంట రాలేదు కాబట్టి సరిపోయింది. మా ఆవిడ మాత్రం అద్దె మాస్కు వంకా, అందరి నోళ్లలోంచీ వచ్చిన గొట్టం వంకా చూసి, "ఎంగిలి" అన్న ఒక్క మాట అని, బ్యాగులోంచి టూత్‌పేస్టు తీసింది. అదీ పనిచేస్తుంది. కాకపోతే ఆ పూటంతా ఆవిడకు సముద్రం లవంగం వాసన వేసింది.

కొత్తగా పెళ్లైన బామ్మర్ది దంపతులు ఇంకో అడుగు ముందుకేసి స్కూబాకు దిగారు. ఈత రానక్కర్లేదు, వెనక ఇన్‌స్ట్రక్టరు పట్టుకుని ఉంటాడు. తొలిసారి దిగేవాళ్లను 12 మీటర్లు దాటనివ్వరు. చాలాచోట్ల ఫొటోలూ వీడియోలూ వాళ్లే తీసి ప్యాకేజీలో కలిపి ఇచ్చేస్తారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మా ఇంట్లో ఆ మూడు సముద్రాలూ ఉండేవే కావు.

చెల్లెమ్మ ఫొటోల కోసమని బయల్దేరే ముందు గోరింటాకు పెట్టుకుంది. అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు, ఎర్రగా పండింది. పైకొచ్చాక వీడియో చూస్తే చేతులు నల్లగా ఉన్నాయి. నీళ్లు ముందుగా మింగేది ఎరుపునే. ఐదు మీటర్లు దాటేసరికి దాదాపు మాయం, ఆ తర్వాత నారింజ, ఆపైన పసుపు. చివరికి మిగిలేది నీలం, ఆకుపచ్చ. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడంటారు. ఆ లోతులో ఎంత మంచి మొగుడైనా నల్లబడాల్సిందే. రంగు తిరిగి రావాలంటే దగ్గర నుంచి టార్చి వేయాలి. 1926లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు ఫ్లోరిడా దగ్గర డ్రై టార్టుగాస్ దీవుల్లో నీటి అడుగున తొలి రంగుల ఫొటో తీసినప్పుడు, నీళ్ల మీద తెప్ప తేల్చి దాని మీద మెగ్నీషియం పొడి పేల్చారట, ఆ మెరుపు వెలుగు కోసం. ఒక్క హాగ్‌ఫిష్ ఫొటో కోసం అంత బాణసంచా! నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని 1927లో అచ్చేసింది. బామ్మర్ది అంత దూరం పోకుండా ఫోనులో రంగులు దిద్దాడు. ఇప్పుడు చెల్లెమ్మ చేతులు ఎర్రగా ఉన్నాయి. చేపలు, ఇన్‌స్ట్రక్టరు, సముద్రం కూడా ఎర్రగానే ఉన్నాయి.

"నేనింత లావుగా ఉన్నానా?" అంది మా ఆవిడ తన ఫొటో చూసి. ఇరవై ఏళ్ల కిందట ఇంటర్‌లో చదివిన భౌతికశాస్త్రం నాకు తొలిసారి అన్నం పెట్టింది. నీటి వక్రీభవన గుణకం 1.33. నీళ్లలో ఏదైనా ఉన్న దూరం కంటే నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. "కావాలంటే చేపను చూడు, అదీ లావుగానే ఉంది" అన్నాను. ఆవిడ చేపను చాలాసేపు చూసి శాంతించింది.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. ఎవరు ఎవరో తెలియడం లేదు. అందరివీ అద్దె మాస్కులే, అందరివీ ఒకే రంగు జాకెట్లు, అందరి నోళ్లూ గొట్టానికి సాగిపోయి ఉన్నాయి. పైగా అక్కడ గైడ్లు నాలుగైదు కుటుంబాలను ఒకే పగడాల మీదికి లాక్కొస్తారు. మావాడు పౌచ్‌లోంచి వాల్యూం బటన్ నొక్కుతూ ఎదురొచ్చిన ప్రతి మాస్కునూ తీశాడు. గాజుల్ని బట్టి చెల్లెమ్మను, పొట్టను బట్టి నన్ను గుర్తుపట్టాం. బామ్మర్దిని పోలినవాళ్లు నలుగురు తేలారు.

వాటిల్లో అద్భుతమైన ఫొటో ఒకటుంది. ట్యూబు మీద గాజుల చేతులతో ఒకామె, మాస్కుకు బెత్తెడు దూరంలో చిలక చేప, పై నుంచి ఎండ చారలు. "నేను కాదండీ. నేను గాజులు రూములో తీసిపెట్టి వెళ్లాను" అని మా ఆవిడ మొదటి నుంచీ చెబుతోంది. గుడివాడలో మా అత్తగారు ఒప్పుకోలేదు. "కన్నతల్లిని, నాకు తెలీదా?" అని దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో మామగారి ఫొటో పక్కన తగిలించారు. వచ్చినవాళ్లంతా "మీ అమ్మాయికి ఎంత ధైర్యమండీ!" అంటున్నారు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు పక్కింటావిడ అదే మాట అంటే, మా ఆవిడ ఫొటో వంక ఓసారి చూసి, కొంగు సర్దుకుని, "ముక్కు దాకా వచ్చేసింది పిన్నిగారూ, అయినా నేను కదల్లేదు" అంది.

ఏ కోల్‌కతాలోనో ఇంకో అత్తగారింట్లో, గాజుల్లేని చేతులతో మా ఆవిడ కూడా గోడెక్కే ఉంటుంది.