ఎనిమిది వందల బాబాయి

ప్రతి వీధిలోనూ ఒక మారుతీ 800 బాబాయి ఉంటాడు. ఆయన రిటైరయినా కారు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. "1983లో వచ్చింది, 2014లో ఆపేశారు. ఇక రమ్మన్నా రాదయ్యా ఇలాంటి బండి" అని అడగనివాడికి కూడా చెబుతాడు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటిపోయింది. 2022లో రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయినప్పుడు ముక్కుతూ మూలుగుతూ కట్టాడు గానీ, అమ్మమంటే మాత్రం కస్సుమన్నాడు.

ఆయన డ్రైవింగు చూసి తీరాలి. ఏసీ ఉన్నా వెయ్యడు, పాటలు పెట్టనివ్వడు. అద్దం దించి, స్పీడ్ బ్రేకరు రాగానే ఒళ్లంతా చెవులు చేసుకుంటాడు. గుంతలో 'టక్' మంటే బాల్ జాయింటు, స్టీరింగు తిప్పినప్పుడు 'కిర్రు' మంటే స్ట్రట్ మౌంటు. పక్కన కూర్చునీ కూర్చునీ పిన్నిగారికీ ఈ విద్య పట్టుబడింది. పెళ్లికి వెళ్తూ పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుంటూనే, "ఈసారి మీ వైపు కాదండీ, నా వైపు" అంటుంది.

ఇక చలో విజయవాడ ఆటోనగర్. మేస్త్రీ జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. లొడలొడ. లోయర్ ఆర్మ్ కింద రాడ్డు పెట్టి లేపుతాడు. మళ్లీ లొడలొడ.

"బాల్ జాయింటు పోయింది సార్. బుష్షులు పగిలిపోయాయి. షాకబ్జార్బరు ఆయిలు కారుతోంది. రెండు వైపులా మార్చేద్దాం."

"చప్పుడు కుడివైపు కదయ్యా! ఎడమది ఏం పాపం చేసింది?"

అందుకని కుడిది మారుతుంది. కొన్నాళ్లకు ఎడమది మూలుగుతుంది. అది మార్చేసరికి కుడిది మళ్లీ పాతబడుతుంది. ఆ బండి రెండు కాళ్లూ ఒకేసారి కొత్తగా ఉన్న రోజు లేదు. బ్రేకు వేస్తే ముందు చక్రం వెనక్కి జరిగి 'దబ్' మంటోందని ఒకసారి తీసుకెళ్లాడు. ఈ బండికి లోయర్ ఆర్మ్‌ని ముందు నుంచి పట్టి ఉంచేది స్టెబిలైజర్ బారే, దాని బుష్షు అరిగితే ఆర్మ్ కదులుతుంది అని మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. బాబాయి అంతా విని, "సరే, అరిగిన బుష్షు ఒక్కటే మార్చు" అన్నాడు.

అలాగని పని తెలియనివాడు కాదు. కుర్రాడు బండి ఇంకా గాల్లో ఉండగానే ఆర్మ్ బోల్టు బిగించబోతే స్టూలు మీంచి లేచి అరుస్తాడు: "ఆగరా! కిందికి దించు, బరువు పడ్డాక బిగించు! లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది." నూటికి నూరుపాళ్లూ నిజం. మేస్త్రీ కూడా తలూపుతాడు. ఇంత తెలిసిన మనిషి వీల్ అలైన్‌మెంట్ అనగానే ఒక కన్ను మూసి, ముందు నుంచి చూసి, "తిన్నగానే ఉందిగా" అని ఇంటికొచ్చేస్తాడు. ఆదా చేసిన ఆ నాలుగొందలూ టైరు లోపలి అంచు తినేస్తుంది.

విప్పిన సామాను వదలడు. "పాతవి ఇవ్వు" అని అడిగి, గోనెసంచీలో వేయించుకుంటాడు. ఒక అరిగిన లోయర్ ఆర్మ్ పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉంటుంది. ఒక స్ప్రింగు తులసికోట పక్కన కుండీకి స్టాండు. మిగతావి అటక మీద. పాతసామాన్ల వాడు అటువైపు చూస్తే చాలు, పిన్నిగారి కళ్లు మెరుస్తాయి, బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడతాడు.

మొన్న అల్లుడు కొత్త ఎలక్ట్రిక్ కారు తెచ్చాడు. ఊరంతా తిప్పాడు, గుంతల్లోంచీ తిప్పాడు. బాబాయి అద్దం దించి చెవి రిక్కించాడు. ఏమీ వినిపించలేదు. దిగాక చక్రం మీద చెయ్యి వేసి అల్లుణ్ణి పక్కకు పిలిచాడు.

"బావుంది బాబూ. కానీ చప్పుడే చెయ్యకపోతే, ఏది పోయిందో తెలిసేదెలా?"